ఆరువేల అయిదువందల దగ్గర

లౌత్ ఊరి చివర, టైర్ల కొట్టు వెనక అద్దె షెడ్డు.
ఫిబ్రవరి వాన రేకుల మీద అటుకులు దంచుతోంది.
స్టాండు మీద మా కారు.
తలుపుల్లేవు, అద్దాల్లేవు,
నంబరు ప్లేటు ఇవ్వరు, అక్కర్లేదు కూడా.
ట్రెయిలరెక్కి కాడ్వెల్ పార్కు దాకా వెళ్ళి
అక్కడ గుండ్రంగా తిరిగి తిరిగి
మళ్ళీ ట్రెయిలరెక్కి వచ్చేసే బండి.
"గానుగెద్దు" అన్నాను.
గానుగంటే ఏమిటో విల్ఫ్‌కి చెప్పేసరికి
రెండు టీలు చల్లారాయి.

ఇంజనుంది. రెండు లీటర్లది,
స్కంథార్ప్‌లో వెనకనించి గుద్దించుకున్న ఫోర్డులోది.
లేనిది బుర్ర.

దాని పాత బుర్రనే ఎనభై పౌండ్లకి ఇచ్చాడు తుక్కువాడు.
తగిలించి చూశాం.
తాళంచెవి ఏదంది.
ఎయిర్‌బ్యాగులేవి, ఏసీ ఏది,
వెనక ఎడమ చక్రం ఎందుకు పలకట్లేదంది.
కాలు తీసేసినవాడికి అరికాలు దురదపెట్టినట్టు
లేని ఒంటిని తడుముకుంటూనే ఉంది రాత్రంతా.
జాలేసింది. విప్పి, పాత తువ్వాల్లో చుట్టి, అటక మీద పెట్టాం.

విల్ఫ్ దారి వేరు.
నలభై మూడేళ్ళు ట్రాక్టర్లకి వైద్యం చేసిన మనిషి.
జంట కార్బురేటర్లు చాలంటాడు,
ఒక స్క్రూడ్రైవరు, రెండు చెవులు.
"ఇంజనే చెబుతుంది, హై. మనం వినాలి, అంతే."
నా పేరు హైమవతి. అతని నోట్లో అది
రోజుకి ఇరవైసార్లు కొత్తగా పలకరించినట్టుంటుంది.

ఆ చెవులు నాకు తెలుసు.
లింకన్ ఆస్పత్రిలో, చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి
గ్రాఫు గీసింది నేనే.
రెండువేల దాకా తిన్నగా నడిచిన గీత
నాలుగువేల దగ్గర మెట్టు తప్పి
ఆరువేలకి నూతిలో పడింది.
పిచ్చుకలు లేవు అతనికి. మాటల్లో 'స' లేదు.
ఇచ్చిన మిషన్లు
టూల్‌బాక్సులో, వాషర్ల డబ్బాలో పడుకున్నాయి.

ఎనభై ఏడున్నర మిల్లీమీటర్ల సిలిండరు
మండాల్సిన చోట మండక పేలితే
మోగే మోత ఆరువేల అయిదువందలు.
లెక్క కట్టింది కూడా నేనే,
రాత్రి రెండింటికి, కరెంటు బిల్లు వెనక.
పిస్టన్ కరిగేముందు
డబ్బాలో గులకరాళ్ళాడించినట్టు పిలుస్తుందట.
అతని పక్కనే నిలబడి పిలుస్తుంది,
అతను కళ్ళు మూసుకుని, తల వాల్చి,
"అబ్బ, ఎంత తియ్యగా నడుస్తోందో" అంటాడు.
చెవిటివాడి ముందు శంఖమనే సామెత
నా వృత్తిలో నేనెప్పుడూ వాడను.

కేటలాగులు బల్ల మీద పరిచాను.
ఆరువందల యాభైకి ఒక నల్లపెట్టె:
పెట్రోలు చూస్తుంది, నిప్పు చూస్తుంది, చెవి మాత్రం లేదు.
పదకొండువందలకి ఇంకొకటి,
నాక్ సెన్సర్లకి రెండు ద్వారాలున్నది.
"నాలుగువందల యాభై ఎక్కువ! ఎందుకు?"
"నీళ్ళు చొరవు. కారుకి కప్పు లేదుగా" అన్నాను.
అబద్ధం కాదు. నిజమంతా కూడా కాదు.
విల్ఫ్ హీటరు వైపు తిరిగి చేతులు కాచుకుంటూ
చాలాసేపు ఊరుకున్నాడు.
తర్వాత, గోడతో అన్నట్టు:
"వినేది ఏదో, అదే తీసుకో."

గురువారం వచ్చింది.
లోపలంతా సున్నాలు,
పదహారు అడ్డం, పదహారు నిలువు,
బ్రహ్మ ఇంకా ముట్టుకోని నుదురు.
ఏ వేగానికి ఎన్ని చుక్కలు, ఏ క్షణాన నిప్పు
అంతా మేమే రాయాలి.
మొదటి వరస అంకెలు విల్ఫ్ చెప్పాడు, ఉజ్జాయింపుగా.
ఇంజను రెండు దగ్గులు దగ్గి, ఎగిరి, ఆగిపోయింది.

"విన్నావా?" అన్నాడు వెలిగిపోతూ.
"దాహం దానికి. ఇంకాస్త పొయ్యి."

నూటికి నాలుగు పోశాను.